అత్తమ్మ పూర్వపక్షం

మొన్న ఒక సెలవునాటి పొద్దున వంటింట్లో జొన్నపిండి మీద వేడినీళ్ళు పోసి కలుపుకుంటుంటే, ముందు గదిలోంచి చిన్న అలికిడి కూడా రాకపోవడం వింతగా తోచి తొంగిచూశాను. మా ఆడబిడ్డ కూతురు గోడకు ఆనుకుని, చెవుల్లో తీగలు పెట్టుకుని, ఒళ్ళో ల్యాప్‌టాప్ తెరుచుకుని పాఠం వింటోంది. ఆ పిల్ల సంగారెడ్డిలో ఒక దవాఖానలో నర్సుగా పనిచేస్తూనే పై డిగ్రీ చదువుతోంది. సెలవు దొరికినప్పుడల్లా నారాయణఖేడ్ వచ్చి మా ఇంట్లో, అంటే తన అమ్మమ్మ ఇంట్లో, ఒకటి రెండు రోజులు ఉండిపోతుంది. ఎక్కడో పట్నంలో కూర్చున్న మేడం అర్థమైందా అని అడిగినప్పుడల్లా ఈ పిల్ల తెర మీద ఒక బొటనవేలి బొమ్మ నొక్కుతోంది. పాఠం ముందుకు పోతోంది. మంచి చదువే, కాదనను. కానీ నాకు నవ్వాగలేదు. ఎందుకంటే ఇదే ఇంట్లో, ఇదే గదిలో, కొలువు చేసుకుంటూ నేను డిగ్రీ చదివిన రోజుల్లో వాడకట్టు వాడకట్టంతా లొల్లి లొల్లి అయింది.

నా ఈడువాళ్ళకు తెలుసు, మా కాలంలో నర్సు చదువంటే డిప్లొమా. అది పూర్తయితే తెల్లచీర, సర్కారు కొలువు, ఆ తర్వాత పదవీ విరమణ. నాకూ అట్లాగే మా ఊరి దవాఖానలో ప్రసూతి వార్డు దొరికింది, అందులోనే నా యవ్వనం గడిచింది. నలభైకి దగ్గర పడుతుండగా, పని మానకుండా డిగ్రీ చదవవచ్చని, పుస్తకాలు పోస్టులో వస్తాయని, అప్పుడప్పుడు పట్నం వెళ్ళి క్లాసులకు కూర్చుంటే చాలని తెలిసి దరఖాస్తు పెట్టాను. అందరూ ఒకటే అడిగారు, కొలువున్నది, జీతమున్నది, ఇంకేం గావాలె నీకు అని. నాకు కావలసింది ఒక్కటే: ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు. అన్నేళ్ళుగా బాలింతలకు ఇది చెయ్యి, అది చెయ్యకు అని చెబుతూ వచ్చాను. ఎందుకని ఎవరైనా ఎదురడిగితే పెద్ద డాక్టరు చెప్పాడనడం తప్ప నాకు వేరే జవాబు లేదు. తాతలు చెప్పారని ఒకరు చేస్తే, డాక్టరు చెప్పాడని ఇంకొకరు చేస్తే, ఆ ఇద్దరికీ తేడా ఏముంది? ఈ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదంటే అతిశయోక్తి అవుతుంది కానీ, కూర్చోనివ్వలేదు.

ఆ ప్రశ్న నాలో నాటింది మా నాన్న. ఆయన కంగ్టి వైపు ఒక పల్లెలో బడిపంతులు. ఆదివారం పూట బడి వరండాలో పెద్దపిల్లలను, ఊళ్ళో తీరిక ఉన్నవాళ్ళను కూర్చోబెట్టి వాదోపవాదాలు నడిపించేవాడు. ఆయన దేవుణ్ణి నమ్మేవాడు కాదు, నమ్మేవాళ్ళను వెక్కిరించనిచ్చేవాడూ కాదు. ఆయన సభలో ఒకటే కట్టుబాటు: నీ మాట చెప్పేముందు ఎదుటివాడి మాటను వాడికంటే బాగా చెప్పాలి. దాన్నే ఆయన పూర్వపక్షం అనేవాడు. వాడు విని, అవును, నేను అనదలచుకున్నది ఇదే అని తలూపిన తర్వాతే నువ్వు ఖండించడానికి లేవాలి. గ్రహణం పట్టిన వేళ గర్భిణి కదలకూడదన్న మాటను నెగ్గించమని చిన్నప్పుడు నన్నొకసారి నిలబెట్టాడు. నమ్మని మాటను నెగ్గించలేక నేను ఏడ్చేశాను. ఆయన నా కన్నీళ్ళు తుడవలేదు. ఎదుటి పక్షం ఎంత బలమైందో ఇప్పుడు తెలిసిందిగా, ఇక నీ పక్షం మొదలుపెట్టు అన్నాడు.

చదువు మొదలైంది. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్, కాబట్టి పట్నం క్లాసులకు పోయే రోజున డ్రైవరు వెనక కిటికీ సీటు నాకోసం ఎట్లాగో ఖాళీగా ఉండేది. ఆ బస్సు నాకు లైబ్రరీ. సిర్గాపూర్ నుంచి పట్నంలో కూలి పనికి పోయే కుటుంబాలు మూటాముల్లెలతో కిక్కిరిసి ఉండేవి. వాళ్ళ మధ్య నేను ఎముకల బొమ్మలున్న పుస్తకం తెరిస్తే పక్కనున్న ఆడవాళ్ళందరూ వంగి చూసేవాళ్ళు. ఒకసారి ఒకామె మోకాలి బొమ్మ మీద వేలు పెట్టి, "గీడనే గుంజుతది సిస్టరమ్మా, గీ బొక్క కిందనే. నీ బుక్కుల దీనికేం రాసిండ్రు?" అని అడిగింది. పుస్తకంలో దాని పేరు రాశారు, నొప్పి గురించి తర్వాతి పేజీల్లో రాశారేమో అన్నాను. "పేరు రాసి ఊకున్నరా? పేరు మేం గూడ పెడ్తం" అని ఆమె అంటే బస్సంతా గొల్లుమంది. జోగిపేట వచ్చేదాకా నేను ఆ తర్వాతి పేజీలు వెతుకుతూనే ఉన్నాను.

ఇంట్లో నా అసలు గురువు మా అత్తమ్మ. ఆమె బడి మొహం చూడలేదు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ నోట్లో ఆకువక్కతో, కొంగున సున్నం డబ్బాతో ఉండేది. పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉండేవి, నా ఇంగ్లీషు అంతంతమాత్రం. అందుకని డ్యూటీ నుంచి వచ్చి రొట్టెలు కొడుతూ, ఆ రోజు చదివిన పాఠాన్ని తెలుగులో అత్తమ్మకు చెప్పడం అలవాటు చేసుకున్నాను. అత్తమ్మకు చెప్పలేకపోయానంటే నాకు అర్థం కాలేదన్నమాట. ఆమె ఏ మాటనూ ఊరికే మింగేది కాదు. ముందు ఆకు తీసేది, దానికి సున్నం రాసేది, మెల్లగా, అంచుదాకా రాసేది, ఆ తర్వాత బాణం వదిలేది.

"నెత్తురు గుండెకాడి నుంచి పోయి మల్ల గుండెకాడికే వస్తదంటున్నవ్. మరి నా కాలు తెగిన్నాడు అది ఆడనే ఎట్ల ఆగింది? ఎవరు జెప్పిండ్రు దానికి, ఇగ చాలు ఆగు అని?"

రొట్టె పెనం మీద మాడిపోతుంటే నేను పుస్తకం దగ్గరికి పరిగెత్తేదాన్ని. నెత్తురు గడ్డకట్టే అధ్యాయం నాకు అట్లా వచ్చింది. పరీక్షలో ఆ ప్రశ్నే ఇచ్చారు. రాస్తున్నంతసేపూ మాడిన రొట్టె వాసన ముక్కుకు తగిలిందంటే మీరు నమ్మాలి.

చివరి సంవత్సరంలో వచ్చింది అసలు చిక్కు. పల్లెల ఆరోగ్యం మీద ఒక ప్రాక్టికల్ ఉండేది. మేము ఉండే చోట ఒక చెడ్డ అలవాటును ఎంచుకుని, దాని మీద ఆడవాళ్ళకు పాఠం చెప్పి, ఫలితం చూపించాలి. అది గట్టెక్కకపోతే డిగ్రీ లేదు, ఇంకో ఏడాది ఎదురుచూడాలి. నేను ఎంచుకోవడానికి ఆలోచించనే లేదు. మా వైపు బిడ్డ పుట్టగానే తల్లి మొదటిపాలు, ఆ పసుపుపచ్చని ముర్రుపాలు, పిండి పారబోసేవాళ్ళు. మూడొద్దులు, అంటే మూడు రోజులు, బిడ్డకు తల్లిపాలు లేవు. మేనత్త ఉంగరాన్ని తేనెలో ముంచి నాలుకకు రాస్తుంది, పైన బెల్లం నీళ్ళు. ఎవరు తేనె నాకిస్తే వాళ్ళ గుణం బిడ్డకు వస్తుందని కూడా ఒక నమ్మకం. వార్డులో మేము చెబితే అందరూ తలూపేవాళ్ళు, మేము అటు తిరగ్గానే కొంగు చాటునుంచి తేనె సీసా బయటికి వచ్చేది. బిడ్డకు ప్రకృతి ఇచ్చే మొదటి రక్షణను తీసి చెట్టు మొదట్లో పోయడం, ఆ చెట్టుకేమైనా రోగమొస్తుందనా? ఈ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. నా కాన్పులు పుట్టింట్లో మా నాన్న ఎదుట జరిగాయి కాబట్టి నా వరకు ఆ గొడవ రాలేదు.

మొదటి పాఠానికి పట్నం నుంచి మా కాలేజీ మేడం స్వయంగా వచ్చింది. వాడకట్టులోని ఆడవాళ్ళను కూర్చోబెట్టి, రంగుల బొమ్మలు చూపించి, నేను అనర్గళంగా ఉపన్యసించాను. అందరూ అట్లనే సిస్టరమ్మా, అట్లనే అని లేచిపోయారు. నేను గెలిచాననుకుని మేడం వైపు తిరిగాను. ఆమె చల్లగా, వీళ్ళు ఒప్పుకోలేదమ్మా, పొయ్యి మీద పప్పు గుర్తొచ్చి లేచారు, మళ్ళీ చెయ్యి అన్నది.

మా నాన్న కట్టుబాటు అప్పుడు గుర్తొచ్చింది. ఎదుటి పక్షం ఎవరూ చెప్పలేదు కదా, నా పక్షం ఎట్లా గెలుస్తుంది? ఆ పారబోయడాన్ని నోరారా సమర్థించే మనిషి నాకు కావాలి. ఆ మనిషి మా వంటింట్లోనే ఉంది. అత్తమ్మా, అందరి ముందూ నాతో కొట్లాడతావా అని అడిగితే ఆమె ఆకు మడుస్తూ, "ఇంట్ల కొట్లాడేది సాలదా నీకు?" అన్నది. కానీ కళ్ళు మెరిశాయి.

అత్తాకోడళ్ళ లొల్లి ఉందట అన్న మాట వాడకట్టంతా పాకింది. మధ్యాహ్నం వేళ మా అరుగు మీద చాటలతో కందులు చెరుగుతూ, పసిపిల్లలను ఒళ్ళో వేసుకుని, పిలవనివాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. నేను ముందుగా అత్తమ్మ వాదాన్ని చెప్పాను: అవి తొమ్మిది నెలలు లోపల నిలవున్న పాలు, చీములాగా చిక్కగా ఉంటాయి, పసికందు కడుపు దాన్ని పట్టలేదు. అత్తమ్మ అవునని తలూపి, ఇంకా ఉన్నది అని తన పాయింట్లు కొన్ని కలిపింది. ఆ తర్వాత నేను నా గదను ఎత్తాను. మరి బర్రె ఈనినప్పుడు దూడను మొదటిపాలకు ఎందుకు వదులుతావు? దూడ తాగినంక మిగిలినవే కదా పిండి జున్ను చేసి వాడకట్టుకు పంచుతావు? ఆ పాలు తాగని దూడ నిలవదని నువ్వే చెబుతావు. దూడకు అమృతమైంది బిడ్డకు విషమెట్లా అయింది?

ఆడవాళ్ళు కందులు చెరగడం ఆపారు. అత్తమ్మ ఆకుకు సున్నం రాసింది. మెల్లగా, అంచుదాకా రాసింది.

"దూడ పుట్టంగనే లేసి నిలబడ్తది. నీ పిల్లగాడు నిలబడ్తడా? ఏదీ, నిలబెట్టు జూస్తా!"

అరుగంతా చప్పట్లు. నేను ఓడిపోయాను. డిగ్రీ చదువుతున్న నేను, బడి మొహం చూడని అత్తమ్మ చేతిలో, అందరి ముందు, హాయిగా ఓడిపోయాను. ఇంటికి వెళ్తూ ఒకామె, "మల్ల ఎప్పుడున్నది సిస్టరమ్మా?" అని అడిగింది. నా ఉపన్యాసానికి ఎవరూ అడగని ప్రశ్న అది.

మేడం రెండోసారి వచ్చేనాటికి నా జవాబు సిద్ధంగా ఉంది. దూడ నిలబడగలదు కాబట్టి తానే వెళ్ళి తాగుతుంది, బిడ్డ నిలబడలేదు కాబట్టి మనం అందించాలి అన్నాను. ఈసారి చప్పట్లు నాకు. అత్తమ్మ చిరునవ్వు నవ్వి, ఆకు బుగ్గన పెట్టుకుని, తన ఆఖరి అస్త్రం తీసింది.

"మా అమ్మ నాకు మూడొద్దులు పాలియ్యలే. మరి నేను బతుకలేదా?"

ముసలివాళ్ళంతా మేం గూడ, మేం గూడ అన్నారు.  నా ఎదుట అరవై ఏళ్ళ మనిషి గట్టిగా నవ్వుతూ కూర్చుని ఉంటే, నువ్వు బతకలేదని ఏ పుస్తకం చూపించి చెప్పను? మేడం కూడా నవ్వేసింది. పోతూ పోతూ నన్ను పక్కకు పిలిచి, ఇన్నేళ్ళలో ఆరోగ్య పాఠం మధ్యలో ఒక్కరూ లేవకపోవడం ఇదే చూడటం అన్నది. కానీ మాటకు మార్కులు లేవట, పనికే ఉన్నాయట. బాలింత ఎప్పుడైనా ఒప్పుకుంటుంది, మీ వాడకట్టులో ఇంటి పెద్దామె తానుగా ముర్రుపాలు ఇప్పించిన ఒక్క కాన్పు చూపించు, పరీక్షలోపు ఒక్కటి చాలు అన్నది.

మా వాడకట్టులో ఆ గడువులోపు నెలలు నిండేది ఒక్క మా ఆడబిడ్డకే. అత్తమ్మ ఆఖరి సంతానం ఆ పిల్ల, తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నేను నోరు తెరవకముందే అత్తమ్మకు సంగతి తెలిసిపోయింది.

"నీ పరీక్షకు నా బిడ్డ కాన్పే దొరికిందా?" అన్నది. "ఆట ఆటనే, కాన్పు కాన్పే. నాకు తెల్వకుంట ఏమన్న జేసినవనుకో, నీ చేతి రొట్టె ముట్ట."

వార్డు నాది, కాన్పు చేసే చేతుల్లో రెండు నావి. ఆమె తలుపు దాటేలోపు బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించడం నాకు చిటికెలో పని. కానీ మా నాన్న సభలో ప్రత్యర్థిని మోసం చేసి గెలిచినవాడిని మళ్ళీ వరండా ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. నువ్వు ఊ అనకుండా చెయ్యను అత్తమ్మా అని మాట ఇచ్చాను. బిడ్డ మీద దిగులు ఒకవైపు, డిగ్రీ మీద ఆశ ఇంకోవైపు, ఇచ్చిన మాట మధ్యలో. ఆ కొన్ని వారాలు నా మనసు ఒక చోట నిలవలేదు. అత్తమ్మ ముభావంగా ఉండేది. ఒక్కసారి మాత్రం, నేను రొట్టె కొడుతుంటే, గోడవైపు చూస్తూ, "పసుపుపచ్చగ ఎందుకుంటయంట అవి?" అని అడిగింది. చెప్పాను. విని ఆమె ఆకు కూడా మడవలేదు.

కాన్పు నడిమధ్యాహ్నం అయింది. బయట వాన దంచికొడుతోంది. ఆడపిల్ల, గట్టిగా, వార్డు అదిరేలా ఏడ్చింది. నేను తుడిచి, గుడ్డలో చుట్టి, తల్లి పక్కన పడుకోబెట్టి, రెండు చేతులూ వెనక కట్టుకుని నిలబడ్డాను. ఆ బిడ్డ పెదవులు వెతుక్కోవడం మొదలుపెట్టాయి. నా చేతులు ఎట్లా ఆగాయో నాకే తెలియదు. అప్పుడే తడిసిన గొడుగుతో మా ఆడబిడ్డ అత్తగారు, అంటే అత్తమ్మకు వియ్యపురాలు, తన కూతురుతో దిగింది. వాళ్ళది సరిహద్దు అవతల కర్ణాటక ఊరు, మాటలో సగం కన్నడం. కూతురి వేలికి ఉంగరం, తల్లి చేతిలో తేనె సీసా. మొదటి నాకింపు మేనత్తదే అని ముందే కబురు పంపింది కూడా.

ఆమె సీసా మూత తీసింది. అత్తమ్మ మనవరాలినే చూస్తోంది, ఆ వెతుక్కునే పెదవులనే చూస్తోంది. ఉంగరం తేనెలో మునగబోతుండగా, జర ఆగు వదినా అన్నది.

"ఏంది ఆగేది?" అన్నది వియ్యపురాలు.

"మొదలు తల్లిపాలు తాగనీ."

"బ్యాడ బ్యాడ! వద్దు! ఆ మురిగిన పాలా?" అని ఆమె సీసా వెనక్కి లాక్కుంది.

 ఆ తర్వాత జరిగింది నా జన్మలో విన్న అన్ని వాదాల్లోకీ గొప్ప వాదం. తొమ్మిది నెలల నిలవ పాలు అన్నది వియ్యపురాలు. దూడకు ఎందుకిడుస్తున్నవ్ మరి అన్నది అత్తమ్మ. దూడ నిలబడుతుంది అన్నది ఆమె. అందుకనే బిడ్డకు మనం అందియ్యాలె అన్నది అత్తమ్మ. నా మాటలు, నేను ఓడిన మాటలు, ఆమె నోట గుండ్రాళ్ళలాగా దొర్లి వస్తున్నాయి. పక్క మంచాల బాలింతలు మోచేతుల మీద లేచి వింటున్నారు. మేనత్త గుణం రాదా మరి అని ఉంగరపు పిల్ల సన్నగా అడిగింది.

"తల్లిపాలు తాగితే తల్లి గుణం వస్తది. ఏం వదినా, నా బిడ్డ గుణంల ఏమన్న కొరతున్నదా? ఉంటె ఇప్పుడే చెప్పు, అందరు వింటున్నరు."

కోడలు మంచం మీద ఉండగా ఏ అత్త కొరత ఉందని చెబుతుంది? వియ్యపురాలు తబ్బిబ్బయింది. ఆఖరికి చేతికందిన రాయి విసిరింది.

"నాకు గూడ మూడొద్దులు ఇయ్యలే వదినా. నేను బతుకలేదా?"

 అది అత్తమ్మ అస్త్రం. నాకు జవాబు దొరకని ప్రశ్న. కొంగున ఉన్న సున్నం డబ్బా మీదికి అత్తమ్మ చెయ్యి పోయింది, కానీ మూత తీయలేదు.

"నువ్వు బతికినవ్, గందుకే అడుగుతున్నవ్" అన్నది మెల్లగా. "నా పెద్దోడు ఉండె. మూడో దినం పొద్దుగూకినంక పోయిండు. వాడు వచ్చి అడుగుతడా, నేను బతుకలేదా అని?"

మా ఆయనకంటే ముందు ఒక బిడ్డ పుట్టి పోయాడని నాకు తెలుసు, అంతకుమించి ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. వాడు ఎందుకు పోయాడో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. హేతువును నమ్ముకున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఒక్క చావుతో ఏదీ రుజువు కాదు. కానీ ఒక్క బతుకుతో కూడా ఏదీ రుజువు కాదు కదా! బతికినవాళ్ళు మాత్రమే వచ్చి సాక్ష్యం చెప్పే కోర్టులో ఆచారం ఎప్పుడూ గెలుస్తూనే ఉంటుంది. మా నాన్న వరండాలో అన్నేళ్ళ వాదాల్లో ఈ మాట ఎవరికీ తోచలేదు.

వియ్యపురాలు సీసాకు మూత పెట్టింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అత్తమ్మ నా వైపు తిరిగి, "చేతులు కట్టుకొని ఏం జూస్తున్నవే? బిడ్డ నిలబడదు గదా, అందియ్యి!" అన్నది.

అందించాను. ఆ పిల్ల ఒక్క క్షణం తడుముకుని, పట్టుకుంది. తేనె సీసా ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చింది, వియ్యపురాండ్రిద్దరూ వేడి రొట్టెల్లో నంజుకుని తిన్నారు.

మూడోసారి వచ్చిన మేడంకు నేను ఒక్క మాట చెప్పనవసరం లేకపోయింది. అరుగు మీద అత్తమ్మ ఉంది, వాడకట్టు ఉంది, ఒళ్ళో మనవరాలు ఉంది. అంతా విని మేడం నాకు మార్కులు వేస్తుంటే అత్తమ్మ, "గెలిచింది నేనైతే మార్కులు దానికా?" అని అడగనే అడిగింది. పట్టా పుచ్చుకున్న నాడు వేసుకున్న నల్లకోటుతోనే ఫోటో దిగుదామని మేము స్టూడియోకు వెళ్తే, ఆ కోటు ముందు తానే తొడుక్కుని అద్దం చూసుకుంది. "వకీలు లెక్కున్నగదనే" అన్నది. ఆ ఫోటోలో కోటు ఆమె మీదే ఉంది, నేను పక్కన మామూలు చీరలో నిలబడి నవ్వుతున్నాను. ఇప్పటికీ ముందు గదిలో వేలాడేది అదే.

అత్తమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ముర్రుపాలు పారబోసే ఇల్లు ఇప్పుడు మా వైపు దాదాపు లేదు, అందుకు నాకున్న సంతోషం ఇంతా అంతా కాదు. కానీ ఆ అరుగుల మీది వాదులాట కూడా దానితోపాటే పోయింది. ఇప్పుడు వార్డులో ఏది చెప్పినా అందరూ ఒప్పుకుంటారు. ఆ తర్వాత ఫోన్లో ఎవరో మొహం తెలియని మనిషి చెప్పింది చేసుకుంటారు. ఎదుట కూర్చుని, కళ్ళలోకి చూసి, నువ్వు చెప్పేది తప్పు, ఏదీ నిరూపించు అనే మనిషి కరువైపోయింది. మా కాలంలో మూఢనమ్మకానికి ఒక మొహం ఉండేది, దానికి ఒక నోరుండేది, అది మనకు ముద్ద కూడా పెట్టేది. దాన్ని ఓడించాలంటే ముందు దాన్ని వినవలసి వచ్చేది.

ఆ పొద్దున పాఠం ముగించి వంటింట్లోకి వచ్చిన పిల్లను, నీ ప్రాక్టికల్ దేని మీద అని అడిగాను. ముర్రుపాలతో మొదలైన ఆ పిల్ల, పసిపిల్లల కళ్ళకు కాటుక పెట్టొద్దని తల్లులకు చెబుతోందట. బొమ్మలు చేసి ఫోన్ గ్రూపులో పెట్టిందట. ఎదురు మాట్లాడినవాళ్ళు ఎవరు అంటే, "ఎవరు లేరత్తా, అందరు ఓకే పెట్టిండ్రు" అన్నది. మరి పెట్టడం మానేశారా అంటే, తెలియదన్నది.

చేతుల పిండి కడుక్కుని, గూట్లోంచి అత్తమ్మ సున్నం డబ్బా తీసుకుని, పీట మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను. నేను మీ అమ్మమ్మను, ఇగ ఒప్పించు అన్నాను. ఆ పిల్ల పకపకా నవ్వి, ఎదురుగా బాసింపట్టు వేసుకుని, కాటుకలో మసి ఉంటుంది, కళ్ళకు మంచిది కాదు అని చక్కగా చెప్పుకొచ్చింది. అంతా విని ఆఖరున అడిగాను.

"మా అమ్మ నాకు రోజు పెట్టింది పిల్లా. నా కండ్లు పోయినయా?"

 ఆ పిల్ల చెయ్యి ఫోను వైపు పోయింది. అది పక్కన పెట్టు, నా మొహం చూసి చెప్పు అన్నాను. పెట్టింది. నేను ఆకు తీసి సున్నం రాయడం మొదలుపెట్టాను. అత్తమ్మ ఆ సున్నం రాసే వేళంతా తన బాణానికి పదును పెట్టుకుంటుందని ఎన్నో ఏళ్ళు అనుకున్నాను. ఎదురుగా ఆలోచిస్తున్న ఆ పిల్ల మొహం చూస్తుంటే తెలిసింది, ఆమె నాకు వ్యవధి ఇచ్చేది.

"ఆగత్తా, జర ఆగు, చెప్త" అన్నది పిల్ల.

ఆగాను. మెల్లగా, అంచుదాకా రాశాను.